చెరువులో ఏ చేపకు ఏ చేప తోడు?

(వ్యవసాయాధికారి, మడికొండ)



గత వేసవిలో పనిమీద హైదరాబాదు వెళ్ళి మా బంధువుల యింట రెండు దినములు ఉంటిని. ఆ యింటి పిల్లవాడు ముందుగదిలో రెండడుగుల అద్దపుతొట్టి పెట్టి సముద్రపు చేపలను పెంచుచున్నాడు. సముద్రమెక్కడ, హైదరాబాదెక్కడ! లీటరు నీటికి సుమారు 35 గ్రాముల చొప్పున ప్రత్యేకమైన ఉప్పు కలిపి, ఆ తొట్టిలోనే చిన్న సముద్రమును తయారు చేసికొన్నాడు. నారింజరంగు మీద తెల్లని పట్టెలు గల క్లౌన్ చేపలు రెండు, అడుగున ఇసుకలో తిరుగు చిన్న గోబీ చేప ఒకటి అందులో ఉన్నవి. మరొక చేప కావలెనని నన్ను వెంటబెట్టుకొని దుకాణమునకు పోయినాడు.

అక్కడ వాని కన్ను లయన్ చేప మీద పడినది. ఎర్రని చారలు, విసనకర్రవలె విచ్చుకొన్న రెక్కలు. చూచుటకు ముచ్చటగా ఉన్నది. పిల్లవాడు డబ్బు తీయబోయినాడు. దుకాణదారు డబ్బు పుచ్చుకొనలేదు. "నీ తొట్టిలో ఇప్పటికే ఏమేమి ఉన్నయి బాబూ?" అని అడిగినాడు. సంగతి విని, "అయితే ఇది కొనకు. నోట్లో పట్టిన చేపనల్లా ఇది మింగుతది. నాలుగు రోజులకు నీ తొట్టిల ఇదొక్కటే మిగులుతది" అన్నాడు. పక్కనున్న వేరొక నీలిరంగు చేపను చూపి, "ఇది చిన్నదే గాని పోట్లాటది. ముందుగ వేస్తే తొట్టి అంత తనదే అనుకొని, వెనుక వచ్చినదాన్ని బతుకనియ్యదు. దీన్ని వెయ్యదలిస్తే అన్నీ కుదురుకున్నంక చివరికి వెయ్యాలె" అని కూడ చెప్పినాడు.

మూడు చేపల తొట్టికి ఆ వ్యాపారి వేసిన ప్రశ్నను పదుల ఎకరముల చెరువులకు మనలో ఎంతమంది వేయుచున్నారు? మడికొండకు తిరిగి వచ్చునంతవరకు ఈ ఆలోచన నన్ను విడువలేదు. చెరువులో క్రొత్త పిల్లలను వదలుటకు ముందు, అందులో ఇప్పటికే ఏ చేపలున్నవి, వదలబోవునవి వానితోను తమలో తామును పొసగునా అని విచారించుట ప్రతి గ్రామమునకును విధియని నా అభిప్రాయము. ఎన్ని వేల పిల్లలు వచ్చినవను లెక్క దాని తరువాతిది.

సేద్యగానికి తెలిసిన న్యాయమే

నేను వ్యవసాయశాఖవాడను, చేపల సంగతి నీకెందుకని మీరు అడుగవచ్చును. మన ప్రాంతములో చెరువు, పొలము వేరు వేరు సంసారములు కావు. ఆయకట్టు రైతుకు నీరు, బెస్తలకు, ముదిరాజులకు చేపలు, గొడ్డుకు త్రాగునీరు, అన్నియు ఒకే కట్ట వెనుక నుండి రావలెను. అదియునుగాక, నేను చెప్పబోవు సూత్రము పొలములో మీకు చిరకాలముగా తెలిసినదే.

మన పెద్దలు జొన్నలో కందిని సాలుగా వేసెడివారు. ఎందువలన? జొన్న వేళ్ళు ఎక్కువగా పైమట్టిలో వ్యాపించును. కంది తల్లివేరు లోతునకు పోవును. జొన్న త్వరగా ఎదిగి ముందుగా కోతకు వచ్చును; కంది మొదటి రెండు నెలలు నిదానముగా పెరిగి, జొన్న కోసిన తరువాత విస్తరించును. ఒకటి రెండవదాని నోటి కూడు లాగికొనదు. అదే చేనిలో జొన్నతో సజ్జను చేర్చినచో, రెండును ఒకే కాలమున ఒకే మట్టికొరకు పెనుగులాడును. చెరువులోని చేపలకును ఇదే న్యాయము వర్తించును. నీరు ఒక్కటే అయినను అందులో అంతస్తులు కలవు. ఏ అంతస్తున ఏ మేత దొరకునో, ఏ చేప ఏ అంతస్తున మేయునో తెలిసినవాడే చెరువును పూర్తిగా వాడుకొనగలడు.

మూడు అంతస్తుల కాపురము

మన దేశవాళీ పెద్ద చేపలు మూడు. బొచ్చె, అనగా కట్ల, నోరు పైకి తిరిగియుండును. నీటి పై పొరలో తేలుచుండు సూక్ష్మజీవులను తినును. రోహు, దీనినే మనవారు రవ్వ అందురు, నడిమి నీటిలో తిరుగుచు నాచును, కుళ్ళిన ఆకుఅలములను, కఱ్ఱలకు రాళ్ళకు పట్టిన పాచిని మేయును. మృగాల లేక ఎర్రమోసు అడుగున బురదలో కుళ్ళిన పదార్థములతో పొట్ట నింపుకొనును. ఈ మూడింటికిని తగవు స్వల్పము. అందుచేతనే బొచ్చె నాలుగు పాళ్ళు, రోహు మూడు, మృగాల మూడు అను పొత్తు చాలకాలముగా వాడుకలో ఉన్నది.

వీనితో విదేశములనుండి వచ్చిన మూడు చేపలను కలిపి ఆరు రకముల మిశ్రమ పెంపకము చేయు పద్ధతి కలదు. వెండిచేప, గడ్డిచేప 1959లో మన దేశమునకు వచ్చినవి. బంగారుతీగ అంతకు ముందే వచ్చినది. ఈ ఆరింటి పెంపకముపై 1971లో అఖిలభారత స్థాయిలో సమన్వయ పరిశోధన ప్రారంభమైనది. అయితే ఆరు రకములు అనగానే ప్రతి చెరువులో ఆరింటిని వదలవలెనని అర్థము కాదు. ఒక్కొక్కదానిని చేర్చుకొనుటకు ముందు ఒక్కొక్క ప్రశ్న వేసికొనవలెను.

వెండిచేప బొచ్చెతో పాటు పై పొరలోనే మేయును. రెండింటిని నిండుగా వదలినచో బొచ్చె ఎదుగుదల తగ్గును. గడ్డిచేప నీటిలోని కలుపును తినిపెట్టును. చెరువులో కలుపు ఉన్నచో అది మనకు కూలి లేని కూలివాడు, కలుపు లేనిచో ఆకలిగొన్న అతిథి. బంగారుతీగ త్వరగా పెరుగును, నీరు కొద్ది నెలలే నిలుచు కుంటలకు అనువైనది. కాని మేతకొరకు అడుగును, కట్ట అంచును త్రవ్వి నీటిని బురద చేయును. నీరు మురికిగా మారిన కొలది ఎండ లోనికి దిగదు. ఎండ దిగనిదే పై పొరలోని మేత పుట్టదు. బొచ్చెకు మేత కరవగును. మట్టికట్ట బలహీనముగానున్న కుంటలో దీనిని మితముగానే వదలవలెను. మృగాల, బంగారుతీగ రెండును అడుగునే మేయును గనుక రెండింటిలో ఒకదానికే పెద్ద పాలు ఇయ్యవలెను.

ఈ విషయములో కొల్లేటి చుట్టుప్రక్కల రైతుల అనుభవము గమనింపదగినది. 1980 ప్రాంతమున అక్కడ చెరువుల త్రవ్వకము విస్తరించినప్పుడు పలు రకముల మిశ్రమ పెంపకముతోనే ఆరంభించినారు. కొన్ని ఏండ్లలోనే రైతులు తమ లెక్క తాము వేసికొన్నారు. వెండిచేప బొచ్చె మేతకు పోటీ వచ్చుచున్నది. పట్టిన తరువాత త్వరగా చెడుచున్నది. సంతలో ధర పలుకుట లేదు. అందుచేత దానిని మానివేసి, తుదకు రోహు ఎక్కువ, బొచ్చె తక్కువగా రెండు రకములకు వచ్చి నిలిచినారు. మనము వారిని అనుసరింపవలెనని నేను చెప్పుట లేదు. వారివి మేత పెట్టి పెంచు చెరువులు. మనవి వాన నీటి చెరువులు. వారు తమ నీటిని, తమ సంతను చూచి నిర్ణయించుకొన్నారు. ఆ అలవాటును మాత్రము మనము నేర్చుకొనవలెను.

నోటి కొలత

తగినవానిని ఎన్నుకొన్నంత మాత్రమున పని తీరదు. చెరువులో ముందే కాపురమున్నవారు ఎవరో చూడవలెను. కొరమీను, వాలుగ వంటివి మాంసాహారులు. వీనికి రోహు, బొచ్చె అను భేదము లేదు. నోటిలో పట్టునది ఆహారము, పట్టనిది పొరుగువాడు. హైదరాబాదు దుకాణదారు చెప్పిన నోటి కొలతయే ఇక్కడను కొలత.

35, 40 మిల్లీమీటర్ల పిల్ల, అనగా అంగుళమున్నర పిల్ల, ఇట్టి చెరువులో వదలినచో వదలినరోజే విందు. 80 నుండి 100 మిల్లీమీటర్ల పిల్ల, అనగా మూడు నాలుగు అంగుళముల పిల్ల, అనేకమైన నోళ్ళను తప్పించుకొనును. వేసవిలో పూర్తిగా ఎండిపోయి వానకు నిండు కుంటలో మాంసాహార చేపల బెడద తక్కువ గనుక అక్కడ చిన్న పిల్లలు బ్రతుకుటకు అవకాశము కలదు. సంవత్సరము పొడవునా నీరు నిలుచు చెరువులో పెద్ద పిల్లలనే వదలవలెను. పిల్లల సంఖ్య తగ్గినను, పరిమాణము పెంచి తెచ్చుకొనుట లాభము.

మాంసాహార చేపలను తగ్గించుటకు వేసవి తగిన కాలము. నీరు మడుగులో మిగిలినప్పుడు రెండు మూడు మారులు లాగుడు వల వేయించినచో చాలవరకు పట్టుబడును. పట్టినవి అమ్ముడుపోవును కూడ. ఇప్పచెక్క చల్లి చేపలను చంపు పద్ధతి ఒకటి కలదు. ఎకరమునకు మీటరు లోతు నీరున్నచో సుమారు వెయ్యి కిలోలు కావలెను. దాని విషము రెండు మూడు వారములు నీటిలో నిలుచును. అందుచేత ఇది సొంత కుంటలకే తగినది. పశువులు త్రాగు, పొలములకు పారు ఊరి చెరువులో దీనిని తలపెట్టరాదు.

"కొరమీను మన తెలంగాణ రాష్ట్రపు చేప గదా, సంతలో మిగిలిన చేపల కంటె మంచి ధర పలుకును గదా, దానిని ఎందుకు తీసివేయవలెను?" అని కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. కొరమీనును నేను శత్రువుగా చూచుట లేదు. దానిని ప్రత్యేకముగా చిన్న కుంటలో పెంచుట మంచి వృత్తి. లేదా ముందుగా బొచ్చె, రోహులను వదలి, అవి దాని నోటికి పట్టనంత ఎదిగిన తరువాత చిన్న కొరమీను పిల్లలను కొలదిగా వదలినచో, అవి కలుపు చేపలను తిని బ్రతుకును. రెండు కాపురములు ఒకే నీటిలో సాగును. ఎవరు ముందు, ఎవరు వెనుక అను క్రమమును పాటించినచో పొసగని చేపలు కూడ కొంతవరకు పొసగును.

అద్దపుతొట్టికి అలుగు లేదు

ఇక అన్నింటికంటె ముఖ్యమైన సంగతి. ఆ పిల్లవాడు పొరపాటున లయన్ చేపను కొన్నను నష్టము వాని యింటితో తీరును. మన చెరువులకు అలుగు ఉన్నది. కాకతీయుల నాటి నుండి మన ఓరుగల్లు ప్రాంతమున చెరువులు గొలుసుకట్టుగా ఉన్నవి. పై చెరువు అలుగు దుమికిన నీరు క్రింది చెరువులో చేరును. ఈ గొలుసు మూలముననే నాలుగు వానలు పడినచో పది ఊళ్ళు పండుచున్నవి. ఈ గొలుసు మూలముననే ఒక ఊరి పొరపాటు పది ఊళ్ళకు ప్రాకును.

నేను పనిచేసిన ఒక చోట జరిగిన సంగతి చెప్పెదను. ఊరి పేరు అవసరము లేదు. ఎగువనున్న ఒక చిన్న కుంటలో కొందరు యువకులు "మార్పు చేప, తొందరగ ఎదుగుతది" అని ఎవరో చెప్పగా ఒక డబ్బా పిల్లలను కొనితెచ్చి వదలినారు. అవి మన నాటు మార్పులు కావు, ఆఫ్రికా మార్పులు. నిజమే, వేగముగా ఎదిగినవి. మరుసటి వానకాలమున కుంట పొంగి నీరు దిగువ చెరువునకు దిగినది. నీటితోపాటు అవియును దిగినవి. ఆ దిగువ చెరువు మత్స్యకారుల సహకార సంఘమునది. సంఘమువారు యథాప్రకారము బొచ్చె, రోహు పిల్లలను వదలినారు. పట్టుబడి నాడు నేను కట్టమీదనే ఉంటిని. వల బరువుగానే వచ్చినది. కాని అందులో ఆశించిన చేప లేదు. సంఘములోని ఒక వృద్ధుడు నాతో ఇట్లన్నాడు: "మూడేండ్ల సంది పిల్లలు పోస్తున్నం సారూ. పోసిననాడు లెక్క మంచిగనే ఉంటది. వల గుంజిననాడే లెక్క తప్పుతది. మేం ఏం తప్పు జేసినం?"

వారు ఏ తప్పును చేయలేదు. తప్పు ఎగువ కుంటలో జరిగినది. దండుగ దిగువ కుటుంబములు కట్టినవి. ఆ సంవత్సరము పెండ్లి వాయిదా వేసికొన్న ఇల్లు, బడి జీతము కట్టలేక పిల్లను ఇంటికి తెచ్చుకొన్న ఇల్లు నేను ఎరుగుదును. చేపల పొందికను గూర్చి ఇంత దూరము వ్రాయుటకు నాకు కారణము ఇదియే.

ఆఫ్రికా మార్పును పెంచుటను భారత ప్రభుత్వము 2000 సంవత్సరములోనే నిషేధించినది. అది గాలి పీల్చి బ్రతుకగలదు. తడి నేలమీద కొంతదూరము ప్రాకగలదు. ఇతర చేపలను, కప్పలను, దొరికిన దానినెల్ల తినును. నాటు మార్పు పేరుతోనే దీనిని అమ్ముచుందురు గనుక జాగ్రత్త అవసరము. కిలోల బరువు ఎదుగునని ఎవరైన ఊరించినచో అది నాటు మార్పు కాదని తెలిసికొనుడు.

తిలాపియా, మనవారు జిలేబి చేప అనునది, వేరొక విధమైన చిక్కు తెచ్చును. 1952లో మన దేశమునకు వచ్చిన నల్లజాతి తిలాపియా కొరమీనువలె మాంసాహారి కాదు. కాని నిలువ నీటిలోనే సంవత్సరమునకు పలు పర్యాయములు పిల్లలు పెట్టి, తన సంతతితోనే చెరువును నింపివేయును. చెరువు నిండ వేలెడు చేపలు. తూకమునకు వచ్చునది ఒక్కటియు ఉండదు. ఒకసారి గొలుసులో చేరినచో దానిని తిరిగి ఏరివేయుట ఎవరి తరము కాదు. చేను లోనికి వచ్చిన తుంగను చూచినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

పరకల సంగతి మరువరాదు

పెద్ద చేపల పొందిక చూచునప్పుడు మరొక వర్గమును మరచుచున్నాము. పరకలు, చందమామలు, బొమ్మిడాయిలు మొదలైన చిన్న చేపలు మనము వదలకయే మన చెరువులలో పుట్టి పెరుగును. వీనిని కలుపు చేపలని తీసిపారవేయుట వాడుక. ఇవి పెద్ద చేపల మేతలో కొంత భాగము తినునను మాట నిజమే. కాని కూలి చేసికొను ఇండ్లలో, కిలో చేప కొనలేని ఇండ్లలో, వానకాలమున కూర ఇవియే. ముళ్ళతో సహా తిను ఈ చిన్న చేపలవలన పిల్లలకు సున్నము, అనగా కాల్షియము, లభించును. అందుచేత సంఘము చెరువులో వీనిని పూర్తిగా నిర్మూలించు ఆలోచన నాకు సమ్మతము కాదు. కొంత తినుచు కొంత మిగుల్చుచు ఇవి కూడ ఉండవలసినవే. చెరువు సంఘమునకు ఆదాయము, ఊరికి ఆహారము. ఈ రెండింటికిని పొత్తు కుదుర్చవలెను.

చెరువు పుస్తకము

పూర్వము పిల్లలు దొరకుటయే కష్టము. బొచ్చె, రోహు, మృగాల నిలువ నీటిలో గ్రుడ్లు పెట్టవు; నదుల వరదలో పట్టి తెచ్చిన పిల్లలే ఆధారము. 1957 జూలై 10వ తేదీన డాక్టరు హీరాలాల్ చౌధురి ఒడిస్సాలో చేపలకు గ్రంథిరసపు సూది వేసి గ్రుడ్లు పెట్టించుటలో విజయము సాధించిన పిమ్మట ఆ కొరత తీరినది. నేడు జాతీయ మత్స్యరైతు దినము జరుపుకొనునది ఆ తేదీననే. మన రాష్ట్రములో 2015లో మిషన్ కాకతీయ క్రింద చెరువుల పూడిక తీసిరి. 2016-17 నుండి ఉచితముగా చేపపిల్లల పంపిణీ ఆరంభమైనది. నీరు నిలిచినది, పిల్లలు వచ్చినవి. మిగిలినది ఎంపిక. అది చెరువు కట్టమీదనే జరుగవలెను.

పిల్లల లారీ వచ్చు దినమున ఎంపిక జరుగదు. ఆ దినమున అందరి దృష్టియు లెక్కమీదనే ఉండును: ఎన్ని సంచులు, ఎన్ని వేలు, ఎవరు సంతకము చేసినారు. లారీలో ఏ రకము వచ్చినచో అదియే చెరువు రకము. ఈ వాడుక మారవలెను. అందులకు నేను చేయు సూచన చిన్నది. ప్రతి చెరువునకు ఒక పుస్తకము ఉండవలెను. పట్టుబడి నాడు ఏ రకము చేప ఎంత తూకము వచ్చినదో, మాంసాహార చేపలు ఎన్ని పడినవో, నీరు ఎన్ని నెలలు నిలిచినదో సంఘ కార్యదర్శియు పంచాయతి కార్యదర్శియు కలిసి వ్రాసికొనవలెను. ఒక్క పుట చాలును. వానకు ముందు ఆ పుట ముందు పెట్టుకొని సంఘ సభ్యులు, ఆయకట్టు రైతులు కూర్చుండి, ఈ యేడు ఏ రకము ఎంత, ఏ పరిమాణము కావలెనో వ్రాసి మత్స్యశాఖకు ముందుగా పంపవలెను. ఎగువ, దిగువ చెరువుల ఊళ్ళకును ఒక ప్రతి అందవలెను. ఇంత పని ఎవరు చేయుదురని కొందరు అందురు. భూమి శిస్తునకు, నీటి తగవునకు తరతరములుగా పుస్తకములు వ్రాసిన గ్రామములు మనవి. చేపకు ఒక పుట వ్రాయలేమా?

లెక్క ఎట్లు వేయవలెనో ఒక ఉదాహరణము. చెరువు నిండినప్పుడు ఇరువది ఎకరములు. నికరముగా నీరు నిలుచునది పది ఎకరములు అనుకొందము. లెక్క పదింటికే వేయవలెను. మేత పెట్టని చెరువునకు ఎకరమునకు వెయ్యి పిల్లలు మించరాదు. అనగా మొత్తము పదివేలు: బొచ్చె 4,000, రోహు 3,000, మృగాల 3,000. నీరు ఆరేడు నెలలే నిలుచు కుంట అయినచో మృగాలకు బదులు బంగారుతీగ. కలుపు ఉన్నచో కొన్ని వందల గడ్డిచేపలు చేర్చి, ఆ మేరకు మిగిలినవానిని తగ్గించవలెను. ఇరువది వేలు ఇచ్చెదమని ఎవరైన అన్నను పుచ్చుకొనరాదు. కిక్కిరిసిన నారుమడిలో నారు సన్నబడుట మీరు చూచినదే.

వదలు దినమున

ఎంత మంచి ఎంపిక అయినను వదలుటలో తొందరపడినచో వృథా. పిల్లలను ఉదయము చల్లని వేళనే తెప్పించుకొనుడు. సంచిని విప్పకయే పావుగంట, ఇరువది నిమిషములు చెరువు నీటిలో తేలనిండు. లోపలి నీటి వేడిమి, బయటి నీటి వేడిమి సమానమగును. పిమ్మట సంచి మూతి విప్పి చెరువు నీటిని కొంచెము కొంచెముగా కలుపుడు. చివరకు సంచిని వంచి పట్టినచో పిల్లలు తామే ఈదుకొని పోవును, పైనుండి కుమ్మరింపరాదు. శరీరముపై పుండ్లు, పొలుసులు ఊడిన గురుతులు ఉన్నచో ఆ సంచిని వేరు చేయుడు. పది లీటర్ల నీటికి 200 నుండి 300 గ్రాముల ఉప్పు కలిపి, పిల్లలను ఒకటి రెండు నిమిషములు ముంచి తీసినచో పైపైనున్న పురుగులు తొలగును. ఆ హైదరాబాదు పిల్లవాడు క్రొత్త చేపను కొన్ని వారములు వేరు తొట్టిలో ఉంచి, జబ్బు లేదని తేల్చుకొన్న తరువాతనే పాతవానితో కలుపునట. మనకు అంత వసతి లేదు. ఈ మాత్రపు జాగ్రత్త అయినను మనము పడవలెను.

సంచి విప్పి చూచినప్పుడు మీసములు గల పిల్ల, పాము తలవంటి తల గల పిల్ల, గుర్తుపట్టరాని పిల్ల కనబడినచో దానిని నీటిలో వదలకుడు. అనుమానమున్న సంచిని ప్రక్కన పెట్టి మత్స్యశాఖవారిని పిలువుడు. ఆ గడియ ఆలస్యమగుటవలన నష్టము లేదు. వదలిన తరువాత తిరిగి ఏరుట మాత్రము సాధ్యము కాదు.

గ్రామోద్యోగులకు ఒక్క మనవి. మీ ఊరి చెరువునకు రాబోవు వానకాలమున పిల్లలు వచ్చునప్పుడు, రసీదు మీద సంతకము చేయుటకు ముందు సంఘము పెద్దను పిలిచి ఆ దుకాణదారు అడిగిన మాటనే అడుగుడు: "ఇందులో ఇప్పటికే ఏమేమి ఉన్నయి?" జవాబు ఆయనకు తెలియును. ఇన్నాళ్ళు ఆయనను అడిగినవారే లేరు.